విని నేర్చే బృందం: స్వరలిపి చదవనివాళ్ళకి కలిసి పాడడం నేర్పే పద్ధతి

బృందానికి పాట నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో వాళ్ళతో పాటు నేనూ పాడేవాణ్ణి. నాది కాస్త గట్టి గొంతు. నేను ఎత్తుకోగానే వెనకే పాతిక ముప్ఫై గొంతులు ఎత్తుకునేవి, గది మారుమోగేది, పాట వచ్చేసిందని సంబరపడేవాణ్ణి. ఒక సాయంత్రం జలుబు చేసి గొంతు పెగల్లేదు. ఎలాగూ వచ్చిన పాటే కదా అని శ్రుతి వేసి, మొదలుపెట్టమని చేత్తో సైగ చేశాను. మొదటి చరణం సగంలోనే ఒక్కొక్కరూ నా మొహం చూస్తూ ఆగిపోయారు. ఆరు వారాలుగా వాళ్ళు నా గొంతుకి అరక్షణం వెనకగా నడుస్తూ వచ్చారంతే. పాట ఒక్కరికీ రాలేదు.

అప్పటినుంచి నా దగ్గర ఒకటే కట్టుబాటు: నేను పాడేటప్పుడు వాళ్ళు వింటారు, వాళ్ళు పాడేటప్పుడు నేను వింటాను. కింద రాసినదంతా ఆ కట్టుబాటుని నిలబెట్టుకోవడానికి చేసే ఏర్పాట్లే. సంగీతం నేర్చుకోనివాళ్ళు, స్వరలిపి చదవనివాళ్ళు, వారానికి ఒకసారి గంటన్నరసేపు కలిసేవాళ్ళు ఉన్న బృందాన్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

1. ముందు మీరు పాటని ముక్కలు చేసుకోండి

కాగితం చూడకుండా పాట మీకు రావాలి, అది సరే. ఏ పాదం అడిగినా అక్కణ్ణుంచి ఎత్తుకోగలగాలి, ఎన్నిసార్లు పాడినా ఒకేలా పాడగలగాలి. ఈ ఆఖరిది అనుకున్నంత తేలిక కాదు. పాడే అలవాటున్నవాళ్ళకి చిన్నచిన్న గమకాలు (స్వరాన్ని ఊపి పాడడం), సంగతులు (పాదాన్ని కాస్త మార్చి పాడడం) తెలియకుండానే పడిపోతుంటాయి, అదీ ప్రతిసారీ ఒక్కోలా. వినేవాళ్ళకి ఏది పాటో, ఏది మీ అలంకారమో తెలియదు. పదిమంది పది రకాలుగా పట్టుకుంటారు. ఫోన్లో మూడుసార్లు రికార్డు చేసుకుని వినండి. మూడూ ఒకేలా లేకపోతే మీకే ఇంకా సాధన కావాలి. గమకం పాటకి ప్రాణమైన చోట ఉంచండి, మిగతా చోట్ల స్వరాన్ని సాదాగా పాడండి. నగిషీలు పాట కుదురుకున్నాక పెట్టుకోవచ్చు.

తర్వాత ముక్కలు. ఒక్కో ముక్క ఒక్క ఊపిరిలో సరిపోవాలి. ఎనిమిది అక్షరాల ఆవర్తనం, అంటే ఎనిమిది దెబ్బల తాళం ఒక చుట్టు, మంచి కొలత, కష్టమైన చోట అందులో సగం. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగే అంశాలు ఏడు, ఒకటి రెండు అటూ ఇటూగా, అని 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశారు. 2001లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ ఆ లెక్కని దాదాపు నాలుగుకి దించారు. ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. అంశం అంటే ఒక్కో స్వరమే కానక్కర్లేదు. ‘సరిగప’ అన్న పోకడ చెవికి పాతదైతే నాలుగు స్వరాలూ కలిసి ఒక్క అంశం కిందే లెక్క. సంగీతం వచ్చినవాళ్ళు పొడుగాటి పాదాన్ని ఒక్క వినికిడికే పట్టేయడంలో రహస్యం అదే. కొత్తవాళ్ళకి అదే పాదం పన్నెండు విడివిడి స్వరాలు. కాబట్టి ముక్క ఎంత పొడుగుండాలో వాళ్ళ చెవిని బట్టి తేల్చండి.

చివరగా ఒక చీటీ మీద రాసుకోండి: ఏ పాదం మళ్ళీ వస్తుంది, ఏ రెండు పాదాలు ఒకేలా మొదలై వేరేగా ముగుస్తాయి. పాట తడబడేది దాదాపు ఎప్పుడూ ఆ రెండో చోటే.

2. శ్రుతి కుదర్చడం

షడ్జమం, అంటే ‘స’, ఎక్కడ పెట్టామో అదే శ్రుతి: హార్మోనియం ‘సి’ మీద పెడితే ఒకటో శ్రుతి, ‘డి’ మీద రెండు, అలా తెల్లమెట్ల వరసలో లెక్క. విడిగా పాడుకునేటప్పుడు ఆడవాళ్ళు ఎక్కువగా ఐదు, ఆరు శ్రుతుల్లో, మగవాళ్ళు ఒకటి, రెండు శ్రుతుల్లో పాడతారు. కలిసి పాడాల్సి వచ్చేసరికి ‘మీ శ్రుతా, మా శ్రుతా’ అన్న వాదన మొదలవుతుంది. వాదన అక్కర్లేదు. షడ్జమం ఎక్కడ పెట్టాలా అని ఆలోచించకుండా, పాటలో అన్నిటికన్నా కింది స్వరమేది, పై స్వరమేది అని చూడండి. శిక్షణ లేని ఆడగొంతులకి హార్మోనియం నడిమి ‘సి’ నుంచి పై ‘సి’ దాకా ఇబ్బంది ఉండదు. అవసరమైతే కింద ఒకటి రెండు మెట్లు దిగగలరు. మగగొంతులకి సరిగ్గా ఒక స్థాయి (‘స’ నుంచి పై ‘స’ దాకా ఉన్న దూరం) కింద అదే మేర. పాట నడిమి స్థాయి షడ్జమం నుంచి తారా షడ్జమం (పై స్థాయి ‘స’) దాకా నడిస్తే ఒకటో శ్రుతి అందరికీ సరిపోతుంది. అదే మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) నుంచి మధ్య పంచమం (నడిమి స్థాయి ‘ప’) దాకా తిరిగే పాటైతే నాలుగో శ్రుతికి మార్చండి. అప్పుడు కూడా గొంతు ‘సి’ నుంచి ‘సి’ దాకానే తిరుగుతుంది.

నాది మగగొంతు. నేను పాడింది ఆడవాళ్ళు ఒక స్థాయి పైన అందుకోవాలి. చాలామంది సహజంగానే అందుకుంటారు. కొందరు మాత్రం నా గొంతు ఉన్నచోటికే దిగాలని చూసి, కింద గొంతు అందక గుసగుసలాడతారు. బృందంలో నిలకడైన ఆడగొంతు ఒకటి చూసుకుని, కొత్త ముక్కని ముందు నేను, వెంటనే ఆమె పాడేలా ఏర్పాటు చేసుకున్నాను. ఆ ఒక్క మార్పుతో గుసగుసలు పోయాయి. నేర్పేవారు ఆడవాళ్ళయితే ఇదే పని ఒక మగగొంతుతో చేయించండి.

తంబూరా శ్రుతి, శ్రుతి పెట్టె ఎప్పుడూ మోగుతూ ఉన్నా ఫరవాలేదు. హార్మోనియం మీద పాటంతా వాయిస్తూ నేర్పడం మాత్రం వద్దు. నా గొంతు చేసిన చెరుపే అదీ చేస్తుంది.

3. చెవిని మేల్కొలిపే పది నిమిషాలు

వరసల్లో కాకుండా అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టండి. వినికిడి తక్కువున్నవాళ్ళు మీకు ఎదురుగా, దగ్గరగా ఉండాలి.

గొంతు సవరించుకునే అభ్యాసాల సంగతి అందరికీ తెలిసిందే. చెవికి నేను చేయించేవి రెండే. మొదటిది, నేను మూడు నాలుగు స్వరాల చిన్న పోకడ పాడతాను, వాళ్ళు తాళం తప్పకుండా తిరిగి ఇస్తారు. ఆ రోజు నేర్పబోయే పాటలోని కష్టమైన మలుపుల్ని ఇక్కడే, పాట పేరెత్తకుండా, ఆటలా నాలుగైదుసార్లు పడేస్తాను. అరగంట తర్వాత ఆ మలుపు పాటలో వచ్చేసరికి చెవికి పాత చుట్టమే.

రెండోది మూగస్వరం. అందరూ ‘స రి గ మ ప’ ఎక్కి దిగుతారు. తర్వాత ‘గ’ ని మనసులోనే పాడుకుని, మిగతావి పైకి పాడాలి. ఆ తర్వాత ‘రి, గ’ రెండూ మూగ. మౌనం తర్వాత వచ్చే ‘మ’ సరైన చోట పడితే లోపల ‘గ’ సరిగ్గా మోగిందన్నట్టు. మొదటిరోజు నవ్వులపాలవుతుంది. నాలుగో వారానికి గది గదంతా ఒక్కసారిగా ‘మ’ మీద వాలుతుంది. పైకి పాడకముందే స్వరాన్ని లోపల వినగలగడం విని నేర్చుకునేవాళ్ళకి అసలు సాధనం, అందుకే ఈ ఆటని ఏ వారమూ వదలను.

4. పాట నేర్పడం

ముందు పాటంతా ఒకసారి పాడి వినిపించండి, నడక మార్చకుండా, మామూలు వేగంలోనే. ‘జాగ్రత్తగా వినండి’ అంటే ఎవరూ వినరు. ఏదో ఒక ప్రశ్న ఇవ్వండి: ఈ పాదం ఎన్నిసార్లు వచ్చింది? అన్నిటికన్నా పైకి వెళ్ళింది ఏ మాట దగ్గర? రెండోసారి పాడేటప్పుడు వేరే ప్రశ్న. రెండుసార్లూ వాళ్ళ నోళ్ళు మూసే ఉండాలి. సన్నగా కూనిరాగం తీసేవాళ్ళని నవ్వుతూనే ఆపండి. తమ గొంతు లోపల మోగుతుంటే మీది సగమే వినిపిస్తుంది.

ఇక ముక్క ముక్క. ఒక ఉదాహరణ పెట్టుకుందాం. మోహన రాగ స్వరాలతో నాలుగు ముక్కలు, ఒక్కోటీ ఎనిమిది అక్షరాలు (కామా ఉన్నచోట ముందు స్వరాన్నే ఇంకో అక్షరం సాగదీయాలి):

ఒకటి: స రి గ ప | ప , , ,
రెండు: ధ ప గ ప | రి , , ,
మూడు: గ ప ధ స | స , , , (ఇవి తారా షడ్జమాలు)
నాలుగు: ధ ప గ రి | స , , ,

చేయి గుండె మీద పెట్టుకుంటే నా వంతు. అరచేయి వాళ్ళవైపు తెరిస్తే వాళ్ళ వంతు. నేను మొదటి ముక్క పాడుతూ, ఏడో అక్షరం దగ్గర చేయి తెరుస్తాను. ఎనిమిదో అక్షరంలో ఊపిరి తీసుకుని వాళ్ళు అందుకుంటారు. వాళ్ళ ముక్క అవుతూనే మళ్ళీ నాది. మధ్యలో మాటలుండవు, తాళం ఆగదు. ఈ ఆగకపోవడం చాలా ముఖ్యం. ‘బాగుంది, ఇంకోసారి చూద్దాం, ఆ చివర కాస్త...’ అంటూ మాట్లాడితే చెవిలో తాజాగా ఉన్న స్వరం మీద మన మాటలు బురదలా పడతాయి.

మొదటి ముక్కలో ‘గ’ నుంచి ‘ప’ కి గెంతు ఉంది. కొందరు మధ్యలో ‘మ’ మీద కాలు పెడతారు. అందరూ కలిసి మూడుసార్లు పాడేసరికి చాలావరకు అదే సర్దుకుంటుంది, పేరుపెట్టి ఎత్తిచూపక్కర్లేదు.

రెండో ముక్క వేరు. అది ‘రి’ మీద ఆగాలి. చెవికి ఇల్లు షడ్జమం. ‘రి’ దాకా వచ్చాక గుమ్మం ముందు నిలబడడం దానికి ఇష్టం ఉండదు, లోపలికి అడుగేస్తుంది. సగంమంది ‘స’ లోకి జారిపోతారు. ఇక్కడ ఎన్నిసార్లు అదే ముక్క తిరగేసినా లాభం లేదు, ఎందుకంటే తాము ‘స’ పాడుతున్నామని వాళ్ళకి తెలియదు. నేనైతే తాళం ఆపి రెండు రకాలూ పాడి వినిపిస్తాను, ఒకటి ‘స’ మీద, ఒకటి ‘రి’ మీద ముగించి. ‘ఏది పూర్తయినట్టుంది, ఏది ఇంకా ఏదో మిగిలినట్టుంది?’ అని అడుగుతాను. ఇది అందరూ చెప్పగలరు. ‘మన పాటలో మిగిలిపోయినట్టుండేదే కావాలి’ అని చెప్పి, సరైనది ఇంకొక్కసారి పాడి చేయి తెరుస్తాను. చెవిలో ఆఖరున మోగింది తప్పు ముగింపు కాకూడదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మూడుసార్లకి రానిది నాలుగోసారి అలాగే పాడితే రాదు. ఏదో ఒకటి మార్చండి: ముక్కని సగం చేయండి, నెమ్మదించండి, మాటలు తీసేసి ‘ల’ కారంతో పాడండి, లేదా చేత్తో స్వరాల ఎత్తుపల్లాలు చూపించండి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ కర్వెన్ ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తు పెట్టి బృందాలకి పాడడం నేర్పారు. ఆ గుర్తులే తర్వాత హంగరీలో, సంగీతకర్త కొడాయ్ పేరిట వచ్చిన సంగీత బోధన పద్ధతిలోకి వచ్చాయి. వారం వారం కలిసేవాళ్ళకి అన్ని గుర్తులూ నేర్పాల్సిన పని లేదని నా అభిప్రాయం. నడుము దగ్గర ‘స’, భుజం దగ్గర ‘ప’, తలమీద తారా షడ్జమం, మధ్యవి మధ్యలో. అంతే. ‘రి’ దగ్గర చేయి నడుముకి కాస్త పైన గాల్లోనే ఆగిపోవడం కళ్ళకి కనిపిస్తే గొంతూ ఆగుతుంది.

ఒకటీ రెండూ వచ్చాక కలిపి పాడించండి. తర్వాత మూడుకి వెళ్ళకుండా నేను నాలుగు నేర్పుతాను, ఆ తర్వాత మూడు. ముందునుంచి వరసగా నేర్పితే మొదటి ముక్క ఇరవైసార్లు, ఆఖరిది మూడుసార్లు పాడినట్టవుతుంది. అప్పుడు పాట పోనుపోను బలహీనపడుతుంది. చివర ముందే వచ్చి ఉంటే కొత్త ముక్క నుంచి తెలిసిన చోటికి నడుస్తారు, ధైర్యం పెరుగుతూ పోతుంది.

సాహిత్యం సంగతి: నేను మాటలూ వరసా కలిపే నేర్పుతాను, రెండూ ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి. నోరు తిరగని సమాసాలుంటే ముందు తాళం మీద మాటల్ని మాత్రం వల్లింపజేస్తాను.

5. తప్పులు వింటూ కూర్చోవడం

వాళ్ళు పాడేటప్పుడు మీరు మౌనంగా ఉంటే మొదటిసారి నిజం వినిపిస్తుంది, అది కాస్త భయపెడుతుంది. అన్నీ ఒకేసారి దిద్దకండి. ముందు వరస, తర్వాత తాళం, ఆ తర్వాత ఉచ్చారణ. అయితే తప్పు వరసని ‘వచ్చేవారం చూద్దాంలే’ అని వదలకూడదు. విని నేర్చుకున్నవాళ్ళకి తప్పు కూడా ఒప్పంత గట్టిగానే పడుతుంది. ఒకసారి పడ్డాక తీయడం కొత్తపాట నేర్పడం కన్నా కష్టం. ఇక్కడో మినహాయింపు. ఎంత దిద్దినా బృందమంతా ఒకేచోట ఒకేలా మారుస్తోందనుకోండి, ఆ మార్పుని ఒకసారి తీరిగ్గా వినండి. ఎవరు కట్టారో తెలియని పాటలు అలా నోళ్ళలో నలిగే నునుపుదేలాయి. నేను రెండు మూడుసార్లు వాళ్ళ వరసనే ఉంచేశాను.

శ్రుతి దిగిపోవడం అన్ని బృందాలకీ ఉండేదే. దిగే స్వరాల దగ్గర మెట్టుని అవసరానికి మించి పెద్దదిగా వేయడం, ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు ఊపిరి సడలడం, ఈ రెండే ముఖ్య కారణాలు. ‘పైకి పాడండి’ అంటే అరుస్తారు. ‘దిగేటప్పుడు చిన్న అడుగులు వేయండి, ఎక్కేటప్పుడు పెద్దవి’ అని చెప్పి చూడండి, తేడా అప్పటికప్పుడే వినిపిస్తుంది. శ్రుతి పెట్టె ఆపి చరణం పాడించి, ఆఖర్న మళ్ళీ మోగించండి. ఎంత దిగారో వాళ్ళకే తెలుస్తుంది, మీరు చెప్పనక్కర్లేదు. తాళం పరుగెత్తితే కూర్చోబెట్టి చెప్పకండి, లేచి నిలబడి అడుగులు వేస్తూ పాడమనండి.

‘నాకు సంగీతం రాదు, పెదవులు కదుపుతాలెండి’ అనేవారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. స్వరభేదం బొత్తిగా వినిపించకపోవడం అనేది ఉన్నమాట నిజమే గాని చాలా అరుదు. మామూలుగా వాళ్ళ ఇబ్బంది గొంతుని వినిపించిన స్వరం దగ్గరికి తీసుకెళ్ళడంలోనే. వాళ్ళని మన స్వరానికి రమ్మనకుండా మనమే వెళ్ళాలి. ఆయన్ని ఏదో ఒక స్వరం, తనకి హాయిగా ఉన్నది, పట్టుకుని నిలబడమని, మిగతా బృందాన్ని ఆయనతో కలవమనండి. కలిసినప్పుడు ఎలా ఉంటుందో ఆయన చెవికి బహుశా అదే మొదటి అనుభవం. అక్కణ్ణుంచి అందరూ కలిసి మెల్లగా ఒక మెట్టు జరగండి. కూర్చోబెట్టేటప్పుడు ఇద్దరు నిలకడైన గొంతుల మధ్య చోటివ్వండి. ఎవరినీ ఒంటరిగా పాడించి దిద్దకండి, మర్నాటినుంచి రారు.

6. రెండో వరస చేర్చడం

రెండో వరస అంటే అసలు పాటతో పాటే ఒక జట్టు పాడే వేరే బాణీ. ఒకే వరస నిలకడగా వచ్చాకే దీని జోలికి వెళ్ళండి. మొదటిమెట్టు సగంమంది ‘స’, కొందరు ‘ప’ పట్టుకుని నిలబడితే మిగతావాళ్ళు దాని మీద పాట పాడడం. తర్వాత వంతుల పాట: మొదటి జట్టు ఒక ఆవర్తనం పాడాక రెండో జట్టు మొదటినుంచి ఎత్తుకుంటుంది. కొత్తగా నేర్చేదేమీ లేకుండానే వేరే గొంతుల మధ్య తమ దారి తప్పకుండా ఉండడం అలవాటవుతుంది. అన్ని పాటలూ దీనికి కుదరవు. ముందే ఇంట్లో రికార్డు మీద రికార్డు పెట్టి విని చూసుకోండి.

అసలైన రెండో వరసకి వచ్చేసరికి రెండూ అందరికీ నేర్పమంటాను. ఒక జట్టుకి నేర్పుతుంటే ఇంకో జట్టు ఖాళీగా కూర్చుని కబుర్లలో పడుతుంది. పైగా పక్కవాళ్ళు ఏం పాడుతున్నారో తెలిసినవాళ్ళు దాని ఒరవడికి కొట్టుకుపోరు. చెవులు మూసుకుని పాడేవాళ్ళని చూస్తే మాత్రం వెంటనే ఆపండి. కలిసి పాడడంలో పని జరిగేది ఆ చెవులతోనే. ప్రతి జట్టుకీ తన మొదటి స్వరాన్ని షడ్జమం నుంచి వెతుక్కోవడం విడిగా సాధన చేయించండి. రెండు వరసల పాటలు ఎక్కువగా విరిగేది మధ్యలో కాదు, ఎత్తుగడలోనే.

7. ఒక వారానికీ మరో వారానికీ మధ్య

నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు. అందుకని కొత్తపాటని ఒకేబిగిన గంటసేపు తోమను. ఇరవై నిమిషాలు నేర్పి, పాతపాట ఒకటి పాడించి, ఇళ్ళకి వెళ్ళబోయే ముందు మళ్ళీ కొత్తదానికి వస్తాను. వచ్చేవారం మొదట పాడి గుర్తుచేయను. మొదటి స్వరం మాత్రం ఇచ్చి ఊరుకుంటాను. గదిలో ఇరవై సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది, ఎవరో ఒకరు మెల్లగా ఎత్తుకుంటారు, ఇంకొకరు అందుకుంటారు. తప్పులతడకగా వచ్చినా సరే, తవ్వి తీసుకున్నది నిలుస్తుంది.

వాట్సాప్‌లో రికార్డు పంపితే రెండు రకాలు పంపండి: పాటంతా ఒకటి, ముక్క ముక్కకీ మధ్య అంతే ఖాళీ వదిలింది ఒకటి. రెండోదే అసలు సాధనకి. మొదటిది ఒక్కటే పంపితే వంటింట్లో దానితో కలిసి పాడేసుకుని వచ్చేస్తారు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. సాహిత్యం కాగితం రెండో వారం చివర ఇస్తాను. చేతిలో కాగితముంటే కళ్ళు దానిమీదికి, తల కిందికి, చెవి ఎక్కడికో పోతాయి. వినికిడి తక్కువున్నవాళ్ళకి, పాట భాష కొత్తయినవాళ్ళకి మాత్రం మొదటిరోజే పెద్ద అక్షరాలతో ఇవ్వండి.

పాట వచ్చిందో లేదో తేల్చుకోవడానికి నేను చేసేది ఇది. శ్రుతి వేసి, మొదటి స్వరం ఇచ్చి, గది వెనక్కి వెళ్ళి వాళ్ళకి కనిపించకుండా నిలబడతాను. చేతులు కట్టుకుంటాను, పెదవులు కూడా కదపను. ఎక్కడ గొంతులు పలచబడ్డాయో అక్కడ చీటీ మీద చిన్న గీత. పాట ఆగకుండా చివరిదాకా వెళ్ళినా సరే, వచ్చేవారం మూగస్వరం ఆటకి పోకడలు ఆ గీతల దగ్గరనుంచే తీసుకుంటాను.